నైతిక సద్గుణాలు: వివిధ సంస్కృతుల దృష్టిలో వాటి స్థానం (దిల్లీ, జాతీయ రాజధాని ప్రాంతం ఆధారంగా)

నైతిక సద్గుణం అంటే మనిషిలో నిలకడగా ఉంటూ అతణ్ని మంచి పని వైపు నడిపించే గుణం. ఒక్కసారి నిజం పలికినవాణ్ని సత్యవంతుడు అనరు. నష్టం వస్తుందని తెలిసినా నిజమే చెప్పేవాణ్ని అంటారు. సత్యం, దయ, దానం, ధైర్యం, న్యాయబుద్ధి, వినయం, ఓర్పు, నిగ్రహం, కృతజ్ఞత వంటివి దాదాపు అన్ని సంస్కృతుల పట్టికల్లోనూ ఉన్నాయి. తేడాలు ప్రధానంగా నాలుగు చోట్ల కనిపిస్తాయి: ఏ గుణం ముందు, ఏది తర్వాత అన్న వరుస; దాన్ని ఎవరి పట్ల చూపాలన్న పరిధి; ఎవరి నుంచి ఆశించాలన్న నియమం; ఎందుకు పాటించాలన్న కారణం.

ఈ నాలుగింటినీ దగ్గర దగ్గరగా పరిశీలించడానికి దిల్లీ అనువైన నగరం. అశోకుని శాసన స్తంభాలు, నిజాముద్దీన్ దర్గా, బంగ్లా సాహిబ్ గురుద్వారా, చాందినీ చౌక్‌లోని జైన లాల్ మందిరం, బహాయీల కమల మందిరం, మహాత్మాగాంధీ సమాధి ఉన్న రాజ్‌ఘాట్, సుప్రీంకోర్టు అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. ఒక్కోటీ సద్గుణాన్ని ఒక్కో కోణంలో చూసిన చరిత్రకు సాక్ష్యం.

పదాలు, అర్థఛాయలు

తెలుగులో ఈ భావమంతటినీ మోసే ఒకే మాట లేదు. సద్గుణం, శీలం, నడవడి, మంచితనం, నీతి, ధర్మం అనే మాటలు తలా కొంత పంచుకున్నాయి. ధర్మం అనే మాట నిలిపి ఉంచడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. తెలుగు వాడుకలో మాత్రం ‘ధర్మం చెయ్యండి’ అంటే దానం చెయ్యమనే అర్థం. ధర్మసత్రం, ధర్మాసుపత్రి అనే మాటల్లో ఉన్నది ఆ అర్థమే. మర్యాదకు సంస్కృతంలో హద్దు అని అర్థం. తెలుగింట అది అతిథికి చేసే ఆదరణ. శీలం మొదట స్వభావం, మంచి నడత. కాలక్రమంలో స్త్రీల విషయంలో దాని అర్థం ఇరుకైంది (చూ. విమర్శలు).

దిల్లీ వీధుల్లో వినిపించే హిందీ, ఉర్దూ మాటలకూ ఇలాంటి చరిత్ర ఉంది. నిజాయితీకి అక్కడ ‘ఈమాన్‌దారీ’ అంటారు. ఈమాన్ అంటే విశ్వాసం. ఆ మాట పుట్టుకలోనే నిజాయితీ దైవభక్తితో ముడిపడింది. సాటి మనిషి పట్ల కనికరం ‘ఇన్సానియత్’, అంటే మనిషితనం. పెద్దల ముందు చూపే సంకోచం, గౌరవం కలిసినది ‘లిహాజ్’. నీతిశాస్త్రానికి అరబ్బీ పేరు అఖ్లాక్. అది స్వభావం అనే అర్థమున్న ‘ఖులుక్’ మాటకు బహువచనం.

గ్రీకు మాట ‘ఆరెటే’కు శ్రేష్ఠత అని అర్థం. మంచి గుర్రానికి వేగం ఎలాంటిదో మంచి మనిషికి న్యాయబుద్ధి అలాంటిదని గ్రీకుల ఊహ. లాటిన్ ‘విర్టూస్’ పురుషుడు అనే అర్థమున్న ‘విర్’ నుంచి వచ్చింది. యుద్ధంలో మగతనమే మొదట దాని అర్థం. చైనా వారి ‘రెన్’ అనే లిపి సంకేతంలో మనిషి గుర్తు పక్కన రెండు అంకె ఉంటుంది. సాటి మనిషి లేనిదే మంచితనం లేదన్న కన్‌ఫ్యూషియస్ సంప్రదాయ భావనకు ఆ సంకేతాన్ని తరచూ ఉదాహరణగా చెబుతారు.

చరిత్ర

అశోకుని ధమ్మం

దిల్లీలో సద్గుణాల గురించి నేటికీ కళ్లారా చూడగలిగిన అతి పాత రాతలు అశోకుడివి. ఫిరోజ్ షా కోట్లాలో ఉన్న దిల్లీ–తోప్రా స్తంభాన్ని 14వ శతాబ్దంలో సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ ఇప్పటి హర్యానాలోని తోప్రా నుంచి తెప్పించాడు. స్తంభం చుట్టూ బూరుగు దూదిని పరిచి నేలకు దించారనీ, 42 చక్రాల బండి మీద యమున ఒడ్డుకు చేర్చి పడవల మీద తరలించారనీ చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. ఆ కాలపు పండితులెవరూ దాని మీది లిపిని చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి గుట్టు విప్పాకే అందులోని విషయం లోకానికి తెలిసింది.

అక్కడ చెక్కినది నడవడికి సంబంధించిన రాజాజ్ఞ. దయ, దానం, సత్యం, శుచి ధమ్మానికి లక్షణాలని రెండో స్తంభ శాసనం చెబుతుంది. క్రూరత్వం, కోపం, గర్వం, అసూయ మనిషిని పాడుచేస్తాయని మూడోది హెచ్చరిస్తుంది. దారుల వెంట చెట్లు నాటించడం, బావులు తవ్వించడం గురించి ఏడో శాసనం వివరిస్తుంది. ధమ్మం పెరిగేందుకు నియమాలకన్నా మనసుకు నచ్చజెప్పడమే ఎక్కువ తోడ్పడిందన్న రాజు అనుభవం కూడా అందులో ఉంది. రెండో స్తంభం, అంటే దిల్లీ–మీరట్ స్తంభం, ఉత్తర దిల్లీ రిడ్జ్ మీద ఉంది. 1966లో దక్షిణ దిల్లీలోని బహాపూర్‌లో అశోకుని చిన్న శిలాశాసనం కూడా బయటపడింది.

తెలుగునేల మీద కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఇదే రాజు పెద్ద, చిన్న శిలాశాసనాలు రెండూ ఉన్నాయి. తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణుల పట్ల దయ, సత్యం పలకడం, గురువును గౌరవించడం అక్కడి చిన్న శాసనంలో ముఖ్యం. పరమతాన్ని నిందించే మాటను అదుపులో పెట్టుకోవాలని పన్నెండో పెద్ద శాసనం కోరుతుంది.

ఒక సంస్కృతి సద్గుణాన్ని మరో సంస్కృతి మాటల్లోకి దింపే ప్రయత్నమూ అప్పుడే జరిగింది. 1958లో అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ దగ్గర దొరికిన అశోకుని శాసనం గ్రీకు, అరమాయిక్ భాషల్లో ఉంది. అందులో ధమ్మానికి గ్రీకు మాటగా ‘యూసెబియా’ను వాడారు. ఆ మాట దేవతల పట్ల, పెద్దల పట్ల చూపే భక్తిని సూచిస్తుంది. అరమాయిక్ పాఠం అదే చోట సత్యం అనే మాట వైపు మొగ్గింది. ఒకే మాటకు రెండు భాషల్లో రెండు వేర్వేరు గుణాలు దగ్గరయ్యాయి.

గ్రీసు, చైనా, పశ్చిమాసియా

ప్లేటో వివేకం, ధైర్యం, నిగ్రహం, న్యాయం అనే నాలుగింటిని మూలగుణాలుగా లెక్కించాడు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ వాటిని రెండు అతులకు మధ్యనుండే స్థితిగా వివరించాడు. పిరికితనానికీ తెగింపుకీ నడుమ ధైర్యం ఉంటుంది. లోభానికీ దుబారాకూ నడుమ ఔదార్యం ఉంటుంది. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ ఆ నాలుగింటికీ విశ్వాసం, ఆశ, ప్రేమ అనే మూడు దైవగుణాలతో సమన్వయం కుదిర్చాడు.

చైనాలో మనిషితనం, న్యాయం, మర్యాద, వివేకం, నమ్మకం అనే ఐదు స్థిరగుణాలు నిలదొక్కుకున్నాయి. వీటన్నిటికీ వేరు తల్లిదండ్రుల పట్ల భక్తి అని కన్‌ఫ్యూషియస్ సంప్రదాయం భావిస్తుంది. వీటిలో మొదటి నాలుగింటి మొలకలు పుట్టుకతోనే ప్రతి మనిషిలో ఉంటాయన్నది మెన్షియస్ వాదం.

గ్రీకు ఆలోచనను అరబ్బీ, పారశీక పండితులు ఇస్లాం నీతితో కలిపారు. ఇబ్న్ మిస్కవైహ్ రాసిన నీతిగ్రంథాన్ని ఆధారంగా తీసుకుని నసీరుద్దీన్ తూసీ 13వ శతాబ్దంలో ‘అఖ్లాక్-ఎ-నాసిరీ’ని పారశీకంలో రచించాడు. వ్యక్తి, కుటుంబం, రాజ్యం అనే మూడు భాగాలుగా అది నీతిని చర్చిస్తుంది. అక్బర్ చక్రవర్తికి చదివి వినిపించిన పుస్తకాల్లో ఇదొకటని అబుల్ ఫజల్ నమోదు చేశాడు. ఆ తోవలో అరిస్టాటిల్ మధ్యేమార్గం మొగలు దర్బారు దాకా వచ్చింది.

మధ్యయుగ దిల్లీ

చిష్తీ సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా (1238–1325) యమున ఒడ్డున ఘియాస్‌పూర్‌లో నివసించారు. ఆయన సంభాషణలను కవి అమీర్ హసన్ సిజ్జీ 1308 నుంచి 1322 వరకు గ్రంథస్థం చేశాడు; ఆ పుస్తకం పేరు ‘ఫవాయిదుల్ ఫువాద్’. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, శత్రువును క్షమించడం, రాజాశ్రయానికి దూరంగా ఉండడం ఆయన బోధలో ముఖ్యమైనవి. ఆయన వంటశాల వచ్చినవారందరికీ తెరిచే ఉండేది.

సిక్కు చరిత్రలో రెండు ఘట్టాలకు దిల్లీ వేదిక. ఎనిమిదో గురువు గురు హర్ కిషన్ 1664లో రాజా జైసింగ్ బంగళాలో బస చేసి, మశూచి సోకినవారికి సేవ చేశారు. తర్వాత ఆయన కూడా అదే జబ్బుతో చిన్న వయసులో కన్నుమూశారు. ఆ బంగళా ఉన్న చోటే బంగ్లా సాహిబ్ వెలిసింది. తొమ్మిదో గురువు గురు తేగ్ బహదూర్‌కు 1675లో చాందినీ చౌక్‌లో మరణశిక్ష అమలైంది. వేరే మతం వారి విశ్వాస స్వేచ్ఛ కోసం ఆయన ప్రాణమిచ్చారని సిక్కు సంప్రదాయం స్మరిస్తుంది. ఆ స్థలం శీష్‌గంజ్ గురుద్వారా.

వర్గీకరణ

హిందూ సంప్రదాయంలో సద్గుణాలు రెండు తెగలు. అహింస, సత్యం, శౌచం, దయ వంటివి అందరికీ వర్తించే సాధారణ ధర్మాలు. వర్ణం, ఆశ్రమం, వృత్తిని బట్టి మారేవి విశేష ధర్మాలు. భగవద్గీత పదహారో అధ్యాయం నిర్భయంతో మొదలుపెట్టి 26 దైవీగుణాలను పేర్కొంటుంది. సంప్రదాయం ఇంద్రప్రస్థంగా చెప్పే చోటు దిల్లీలోని పురానా ఖిలా. అక్కడ రాజ్యమేలిన ధర్మరాజు కథలో సత్యం, మాట నిలబెట్టుకోవడం, తమ్ముల పట్ల బాధ్యత తరచూ ఒకదానితో ఒకటి ఢీకొంటాయి.

జైన సంప్రదాయం అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అనే ఐదు వ్రతాలను చెబుతుంది. పతంజలి యోగసూత్రాల్లోని యమాలు కూడా ఇవే ఐదు. జైనంలో సన్యాసికి ఇవి మహావ్రతాలు. గృహస్థుకు అణువ్రతాలు, అంటే శక్తికొద్దీ పాటించే చిన్న వ్రతాలు. 1949లో రాజస్థాన్‌లోని సర్దార్‌షహర్‌లో ఆచార్య తులసి మొదలుపెట్టిన అణువ్రత ఉద్యమం ఈ చిన్న వ్రతాలను మతంతో పని లేకుండా అందరి ముందు పెట్టింది.

బౌద్ధంలో పంచశీలతో పాటు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావనలున్నాయి. ముదిత అంటే పరుల సంతోషానికి సంతోషించడం. దీన్ని విడిగా ఒక గుణంగా గుర్తించి బౌద్ధం సాధన నిర్దేశించింది. టిబెటన్ బౌద్ధ సంప్రదాయాన్ని పరిచయం చేసే టిబెట్ హౌస్‌ను దలైలామా 1965లో దిల్లీలో స్థాపించారు.

సిక్కు సంప్రదాయంలో సత్యం, సంతృప్తి, దయ, వినయం, ప్రేమ ఐదు సద్గుణాలు. కామం, క్రోధం, లోభం, మోహం, అహంకారం ఐదుగురు దొంగలు. నామస్మరణ, కష్టపడి సంపాదించడం, పంచుకు తినడం నిత్యకర్తవ్యాలు. సొంత కష్టంతో బతకడానికి ఇక్కడ ఆధ్యాత్మిక సాధనతో సమానమైన స్థానముంది.

జొరాస్ట్రియన్లు మంచి ఆలోచన, మంచి మాట, మంచి పని అనే మూడింటిలో నీతిసారమంతా చూస్తారు. యూదుల ‘ట్సెడాకా’ అంటే బీదలకిచ్చే సొమ్ము. ఆ మాటకు మూలం న్యాయం అనే అర్థమున్న ధాతువు. ఇవ్వడం వారి దృష్టిలో దయకన్నా ముందు బాధ్యత. ఇస్లాంలో జకాత్ కూడా విధిగా చెల్లించవలసినదే; స్వచ్ఛందంగా ఇచ్చేది సదకా. దక్షిణాఫ్రికాలోని ‘ఉబుంటు’ భావన, మనిషి తోటివారి వల్లనే మనిషి అవుతాడంటుంది. వర్ణవివక్ష ముగిసే వేళ ఆ దేశపు 1993 తాత్కాలిక రాజ్యాంగంలో ఆ మాటకు చోటు దక్కింది.

బహాయీలు మానవజాతి ఐక్యతను నీతికి కేంద్రంగా చేసుకున్నారు. 1986లో దిల్లీలో ప్రారంభమైన, ఫరీబోర్జ్ సహ్‌బా రూపకల్పన చేసిన కమల మందిరానికి 27 రేకులు, తొమ్మిది ముఖాలు ఉన్నాయి. అన్ని మతాలవారికీ అందులో ప్రవేశముంది.

తేడాలు ఎక్కడ వస్తాయి

వరుస. కన్‌ఫ్యూషియస్ సంప్రదాయానికి తల్లిదండ్రుల పట్ల భక్తి మొదటి మెట్టు. బౌద్ధంలో సత్యాన్వేషణ కోసం ఇల్లు విడవడం గౌరవనీయం. గ్రీకు నగరాలకు ధైర్యం పౌరుడి గుణం. జైనానికి అహింస తర్వాతే ఏదైనా.

పరిధి. ఒకే దయకు రెండు హద్దులు పాత దిల్లీ, వజీరాబాద్‌ల మధ్య కనిపిస్తాయి. ఎర్రకోట ఎదుటి లాల్ మందిరంలోని పక్షుల ఆసుపత్రి జైనుల అహింసకు ప్రసిద్ధ ఉదాహరణ. గాయపడిన పావురాలకు, చిలకలకు అక్కడ వైద్యం చేస్తారు. మాంసం తినే పక్షులను మాత్రం మిగతావాటితో కలిపి ఉంచుకోరు. గాయపడిన గద్దలకు చోటు దొరకక, వజీరాబాద్‌లో నదీమ్ షెహజాద్, మహమ్మద్ సౌద్ అనే అన్నదమ్ములు తామే వాటికి చికిత్స మొదలుపెట్టారు. గద్దకు మాంసం వేయడం పుణ్యమన్న ముస్లింల నమ్మకం మధ్య వారు పెరిగారు. వారి పని మీద శౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ చిత్రానికి 2022 కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి వచ్చింది. రెండు చోట్లా గుణం దయే. ఏ ప్రాణి వరకు, ఏ షరతుతో అన్న దగ్గరే తేడా.

ఆశించే వ్యక్తి. చాలా సమాజాలు ఒకే గుణాన్ని అందరి నుంచీ ఒకేలా ఆశించలేదు. శౌర్యం రాజుకు, ఓర్పు స్త్రీకి, విధేయత సేవకుడికి అన్న పంపకాలు భారతదేశంలోనూ ఐరోపాలోనూ సాగాయి.

కారణం. నిజం ఎందుకు చెప్పాలన్న ప్రశ్నకు దైవాజ్ఞ, కర్మఫలం, వంశ గౌరవం, పౌర బాధ్యత, మనసు ప్రశాంతత అని వేర్వేరు జవాబులున్నాయి. అమెరికన్ మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్ 1946లో జపాన్‌ను సిగ్గు ప్రధానమైన సంస్కృతిగా, పాశ్చాత్య సమాజాన్ని అపరాధభావం ప్రధానమైనదిగా విభజించింది. ఈ విభజన మరీ స్థూలమైనదని తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు. తెలుగువారి ‘నలుగురూ ఏమనుకుంటారు’, ‘మనస్సాక్షి ఒప్పుకోదు’ అనే రెండు మాటలూ ఒకే ఇంట్లో వినిపిస్తాయి.

సద్గుణాలు అలవడే తీరు

అభ్యాసం. వీణ వాయిస్తూ వైణికుడైనట్టు న్యాయమైన పనులు చేస్తూ న్యాయవంతుడవుతాడని అరిస్టాటిల్ సిద్ధాంతం. గురుద్వారాలో ‘సేవ’ ఇదే పద్ధతిలో సాగుతుంది. బంగ్లా సాహిబ్‌లో వచ్చినవారే రొట్టెలు ఒత్తుతారు, గిన్నెలు తోముతారు, చెప్పులు భద్రపరుస్తారు. అందరూ నేల మీద ఒకే వరుసలో కూర్చుని తింటారు. ఉపన్యాసం లేకుండానే వినయం, సమానత్వం చేతుల్లోకి వస్తాయి. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో ఉధృతికి ఆసుపత్రుల్లో పడకలు నిండిపోయినప్పుడు, ఘాజియాబాద్‌లోని ఇందిరాపురం గురుద్వారా దగ్గర రోడ్డు పక్కనే రోగులకు ఆక్సిజన్ పెట్టారు. దానికి ‘ఆక్సిజన్ లంగర్’ అనే పేరొచ్చింది. అన్నదానానికి అలవాటుపడిన చేతులు ఆపదలో మరో దానానికి మళ్లడానికి ఎక్కువ సమయం పట్టలేదు.

వ్రతం. జైనుల అణువ్రతాలు, గాంధీ ఆశ్రమంలోని ఏకాదశ వ్రతాలు మాట ఇచ్చి కట్టుబడే పద్ధతికి చెందినవి. 1948 జనవరి 13 నుంచి 18 వరకు గాంధీ దిల్లీలో నిరాహారదీక్ష చేశారు. మత ఘర్షణలతో రగులుతున్న నగరంలో అన్ని వర్గాల నాయకులు శాంతికి హామీ ఇచ్చాకే దాన్ని విరమించారు. ఆ నెల 30నే ఆయన హత్య జరిగింది.

కథ, పద్యం. పంచతంత్రం, జాతక కథలు, సూఫీల వృత్తాంతాలు ఈ పద్ధతికి ఉదాహరణలు. తెలుగులో ఈ పని శతకాలది. బద్దెన పేరుతో ప్రచారంలో ఉన్న సుమతీ శతకం, వేమన పద్యాలు తరాలుగా పిల్లల నోటికి వస్తున్నాయి. వేమన పద్యాలను సి.పి. బ్రౌన్ సేకరించి 1829లో ప్రచురించాడు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వెలువడింది.

పాఠశాల. 2018 జులై 2న దిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో నర్సరీ నుంచి 8వ తరగతి వరకు ‘హ్యాపీనెస్ కరికులమ్’ను దలైలామా ప్రారంభించారు. ధ్యానం, కథలు, చర్చల ద్వారా పిల్లల్లో సానుభూతి, కృతజ్ఞత పెంచడం దాని ఉద్దేశం. 2020 జాతీయ విద్యావిధానం సేవ, అహింస, సత్యం, స్వచ్ఛత వంటి విలువలను రాజ్యాంగ విలువలతో కలిపి చెప్పింది.

రాజ్యం, చట్టం

మతాల నుంచి నేర్చుకున్న సద్గుణాలను ప్రభుత్వ పాఠశాలల్లో బోధించవచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎస్.బి. చవాన్ అధ్యక్షతన పార్లమెంటరీ సంఘం 1999లో సత్యం, ధర్మబద్ధమైన నడవడి, శాంతి, ప్రేమ, అహింస అనే ఐదింటిని మూల విలువలుగా సూచించింది. వాటిని చేర్చిన జాతీయ పాఠ్యప్రణాళికను ప్రశ్నిస్తూ దాఖలైన అరుణా రాయ్ కేసులో 2002 సెప్టెంబరు 12న తీర్పు వచ్చింది. మతాల గురించి తెలియజెప్పడం లౌకికతకు విరుద్ధం కాదని కోర్టు తేల్చింది.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం సామరస్యాన్ని పెంచడం, ప్రాణుల పట్ల కరుణ చూపడం వంటివాటిని పౌరుల ప్రాథమిక విధులుగా పేర్కొంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బి.ఆర్. అంబేడ్కర్ ‘రాజ్యాంగ నీతి’ గురించి మాట్లాడారు. అది మనుషుల్లో సహజంగా ఉండదనీ, అభ్యాసంతో పెంపొందించుకోవాలనీ ఆయన వాదం. 2009లో దిల్లీ హైకోర్టు నాజ్ ఫౌండేషన్ కేసులో, 2018లో సుప్రీంకోర్టు నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో స్వలింగ సంబంధాలను నేరంగా చూడడాన్ని తప్పుపట్టాయి. సమాజంలో ఎక్కువమంది నీతి అనుకునేదానికన్నా రాజ్యాంగ నీతిదే పైచేయి అన్న సూత్రం ఆ రెండు తీర్పులకూ కీలకం.

పరోపకారానికి చట్టం అడ్డుపడిన సందర్భమూ ఉంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చితే పోలీసులు, కోర్టుల చుట్టూ తిరగాల్సివస్తుందన్న భయం జనంలో పాతుకుపోయింది. దిల్లీకి చెందిన సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వేసిన పిటిషన్‌పై 2016లో సుప్రీంకోర్టు, సాయపడినవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలకు చట్టబద్ధత ఇచ్చింది. అదే రక్షణ కోసం 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది.

శాస్త్రీయ పరిశోధన

క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ 2004లో వివేకం, ధైర్యం, మానవత, న్యాయం, నిగ్రహం, అతీత భావన అనే ఆరు సద్గుణాల కింద 24 గుణబలాలను వర్గీకరించారు. ఆలివర్ స్కాట్ కర్రీ బృందం 2019లో 60 సమాజాల వివరాలను పరిశీలించింది. బంధువులకు సాయం, తన గుంపుకు తోడ్పాటు, చేసిన మేలు తీర్చడం, ధైర్యం, పెద్దల పట్ల గౌరవం, సమంగా పంచుకోవడం, పరుల సొత్తును గౌరవించడం అనే ఏడింటినీ మంచివిగానే ఆ సమాజాలు చూశాయి.

తేడాలను చూపిన పరిశోధనల్లో భారతదేశానికి ప్రముఖ స్థానముంది. రిచర్డ్ ష్వేడర్ బృందం భువనేశ్వర్, షికాగోలను పోల్చింది. స్వేచ్ఛ, సమూహం, దైవత్వం అనే మూడు రకాల నీతి భాషలుంటాయని 1997లో వాదించింది. జోన్ మిల్లర్ 1990లో మైసూరు, అమెరికాలోని న్యూ హేవన్ వాసులను పరిశీలించింది. స్నేహితుడికో అపరిచితుడికో చిన్న సాయం చేయడం కూడా మైసూరు వారికి నైతిక బాధ్యతగా కనిపించింది. అమెరికన్లలో చాలామంది దాన్ని సొంత ఇష్టానికి వదిలేశారు.

కొలిచే పద్ధతి ఫలితాన్ని మార్చగలదు. 2019లో 40 దేశాల్లోని 355 నగరాల్లో పోగొట్టుకున్నట్టు కనిపించే 17,000కు పైగా పర్సులతో ప్రయోగం జరిగింది. డబ్బు లేని పర్సులకన్నా డబ్బున్నవాటి గురించే ఎక్కువమంది యజమానికి కబురు పంపారు. ఈమెయిల్ పంపడాన్నే నిజాయితీకి గుర్తుగా తీసుకోవడంతో చైనా స్థానం అడుగున కనిపించింది. 2023లో చైనాలో జరిగిన మరో అధ్యయనం, చాలామంది ఈమెయిల్ పంపకపోయినా పర్సును జాగ్రత్తగా దాచి ఉంచారని చూపింది.

విమర్శలు

సద్గుణాల పేరుతో అన్యాయం నిలబడిన చరిత్ర ఉంది. పుట్టుకను బట్టి ధర్మాలు పంచే గ్రంథాలపై నిరసనగా అంబేడ్కర్ నాయకత్వంలో 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం లేని చోట నీతి కులం గీత దాటదని ఆయన 1936 నాటి రచనలో వాదించారు. స్త్రీల శీలాన్ని కుటుంబ పరువుతో ముడిపెట్టడాన్ని సంస్కర్తలు ఎదిరించారు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు పునర్వివాహం జరిపించారు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం పరువుగల పెద్దల నీతిని నిలదీసింది.

మంచిచెడ్డలు ఏ సంస్కృతికి ఆ సంస్కృతి తేల్చుకునేవేనా అన్న వివాదం కొనసాగుతోంది. 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘం సార్వత్రిక హక్కుల ప్రకటనపై ఈ కోణంలో సందేహం వెలిబుచ్చింది. మరుసటి ఏడాదే ఐక్యరాజ్యసమితి ఆ ప్రకటనను ఆమోదించింది. మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అన్న మాటను ‘మానవులందరూ’గా మార్పించింది భారత ప్రతినిధి హంసా మెహతా. సంస్కృతుల మధ్య తేడాలు గౌరవనీయమైనవే. అయితే ఒక సంస్కృతిలో నోరు లేనివారి మాటను వినకుండా ఆ సంస్కృతి అభిప్రాయం ఇదని తేల్చడం సమగ్రం కాదన్నది ఈ ఉదాహరణలు చూపే విషయం.

దిల్లీ తెలుగువారు

1948లో దిల్లీలో స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆద్యురాలు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో శ్రీ వెంకటేశ్వర కళాశాలను ప్రారంభించింది. తెలుగు ఇళ్ల పిల్లలతో పాటు అన్ని ప్రాంతాల పిల్లలూ ఈ సంస్థల్లో చదువుతున్నారు.

దుర్గాబాయి జీవితంలోని ఒక ఘట్టాన్ని నిష్పక్షపాతానికి ఉదాహరణగా చెబుతారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ప్రదర్శన ద్వారం దగ్గర ఆమె స్వచ్ఛంద సేవిక. వయసు 14. టికెట్ లేని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్ కొని ఇచ్చాకే పంపింది. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు. పెద్దలను గౌరవించడం, నియమం అందరికీ ఒకటేనని నమ్మడం అనే రెండు గుణాలు ఎదురుపడినప్పుడు ఆమె రెండోదాన్ని ఎంచుకుంది. ఆ తర్వాత ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలిగా, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలిగా పనిచేశారు.

చూడదగిన స్థలాలు

బంగ్లా సాహిబ్ లంగర్‌లో ఎవరైనా భోజనం చేయవచ్చు, ఎవరైనా వడ్డించవచ్చు. నిజాముద్దీన్ దర్గా, కమల మందిరం, లాల్ మందిరం, రాజ్‌ఘాట్ అన్నిటికీ మెట్రోలో వెళ్లవచ్చు. ఫిరోజ్ షా కోట్లాలోని స్తంభం దాదాపు 13 మీటర్ల ఎత్తున నేటికీ నిలిచి ఉంది. అశోకుని ఏడో స్తంభ శాసనం పూర్తి పాఠంతో దొరికిన స్తంభం ఇదొక్కటే.